తోలు పుండుకు నోటి మందు, ఎలుకల మీద పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు నుంచి కావలికి పోయే హైవే పక్కన ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు ఉత్తరాదిలో ఒక ల్యాబ్‌లో లీష్మానియా పుండ్లున్న ఎలుకలతోనే నా పని. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పిల్లలు అడుగుతూనే ఉన్నారు. వాళ్లతో పాటు వాళ్ల నాన్నలు, అల్లూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక పెద్దాయన, బావమరిది సౌదీలో పనిచేసొచ్చిన వింజమూరు ఆయన కూడా. అడిగిన వాళ్లకు అడిగినట్టు జవాబు చెప్పీ చెప్పీ చివరికి అన్నీ ఒకచోట రాస్తున్నా. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను.

ఈ జబ్బు ఏంది సార్? మన పక్క ఉందా?

లీష్మానియా అనేది కంటికి కనపడని ఏకకణ జీవి. శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ, అందులోనూ ఆడది, కుట్టినప్పుడు మన ఒంట్లోకి వస్తుంది. ఈ ఈగ దోమలో మూడో వంతు ఉంటుంది. ఎగిరేటప్పుడు చప్పుడు ఉండదు. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో చేరుతుంది. కుట్టిన చోట కొన్ని వారాలకు చిన్న మొటిమ లేస్తుంది. అది మెల్లగా పెద్దదై, నడిమధ్య పగిలి, అంచులు గట్టు కట్టినట్టు లేచి పుండవుతుంది. చాలామందికి నొప్పి ఉండదు. అందుకే పట్టించుకోరు. డాక్టర్లు దీన్ని క్యుటేనియస్ లీష్మానియాసిస్ అంటారు. నేను తోలు పుండు అంటాను.

ఇదే పరాన్నజీవిలో ఇంకో రకం కాలేయానికీ ప్లీహానికీ పోతే అది కాలా అజార్. బీహార్, జార్ఖండ్, బెంగాల్ వైపు వినే జబ్బు అది. తోలు పుండు మన దేశంలో ఎక్కువగా రాజస్థాన్‌లో, బికనీర్ చుట్టుపక్కల కనిపిస్తుంది. హిమాచల్‌లోనూ కేరళలోనూ ఉంది. నెల్లూరు, ప్రకాశం ఈ జబ్బుకు పేరుపడిన జిల్లాలు కావు. అలాగని శాండ్‌ఫ్లై మన రాష్ట్రానికి కొత్త కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పసిపిల్లల్ని పొట్టన పెట్టుకున్న చండీపుర వైరస్‌ను మోసేది ఇదే ఈగ.

ఇంకో పాత చుట్టరికం కూడా ఉంది. ఈ పరాన్నజీవిని పట్టుకున్న ఇద్దరిలో ఒకరైన చార్లెస్ డోనోవాన్ 1903లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్. అప్పట్లో మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఒంగోలు కూడా అప్పటికింకా నెల్లూరు జిల్లాలోనే. మైక్రోస్కోపు కింద కనిపించే ఆ చుక్కల్ని ఇప్పటికీ ఎల్‌డీ బాడీస్ అంటాం. అందులో డీ అంటే డోనోవాన్, ఎల్ అంటే ఆ ఇద్దరిలో రెండో ఆయన లీష్మన్.

పుండు దానంతటదే మానుతుందంట కదా, మందెందుకు?

మానుతుంది, నిజమే. కొన్ని రకాలైతే నెలల్లో, కొన్నయితే ఏడాది దాటి మానతాయి. పోతూ పోతూ గుంట మచ్చ వదిలిపెట్టి పోతుంది. అది పెళ్లి కావాల్సిన పిల్ల చెంప మీద పడితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మన ఊళ్లవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. దక్షిణ అమెరికాలో ఒక రకం ఉంది. పుండు మానిన కొన్నేళ్లకు ముక్కు లోపలికీ నోటి లోపలికీ పాకి మృదులాస్థిని తినేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా 6 లక్షల నుంచి 10 లక్షల కొత్త తోలు పుండు కేసులు వస్తున్నాయి.

ఇప్పుడున్న మందులు సరిపోవా?

పాతకాలం నుంచీ వాడేది యాంటిమొనీ. 1920 ప్రాంతంలో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ తయారుచేసి కాలా అజార్ రోగుల్ని బతికించారు. నూరేళ్లయినా అదే లోహం కొత్త పేర్లతో నడుస్తోంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 20 రోజులు సూది. గుండె మీద, పాంక్రియాస్ మీద దెబ్బ పడుతుందేమోనని మధ్యమధ్యలో ఈసీజీ, రక్తపరీక్షలు చేయాలి. పుండు చిన్నదైతే పుండులోకే సూది వేస్తారు. ఆ నొప్పి చూసినవాణ్ణి నేను. ఆంఫోటెరిసిన్ ఇంకో మందు. అది సెలైన్‌లో ఎక్కించాలి.

నోటితో మింగే మందు ఒక్కటే నిలబడింది, మిల్టెఫోసిన్. క్యాన్సర్ కోసం పుట్టి ఇటు వచ్చింది. మన దేశంలో 2002లో కాలా అజార్‌కు అనుమతి వచ్చింది. అమెరికాలో 2014లో తోలు పుండును కూడా కలిపి అనుమతించారు. 28 రోజులు మింగాలి. వాంతులు, విరేచనాలు మామూలు. గర్భంలో బిడ్డకు ప్రమాదం కాబట్టి ఆడవాళ్లు మందు వాడేటప్పుడూ, ఆపాక ఐదు నెలలూ గర్భం రాకుండా చూసుకోవాలని అమెరికా లేబుల్ చెబుతుంది. పైగా కొన్ని రకాల లీష్మానియా మీద సరిగ్గా పనిచేయదు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఉదయగిరి కొండ కింద ఒక కూలి మనిషికి ఈ పుండు వచ్చిందనుకుందాం. నెల్లూరు పెద్దాసుపత్రి అక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. 20 రోజులు సూదికి వచ్చిపోతే మందు ఉచితమైనా బస్సు ఛార్జీలు, పోయిన కూలి కలిపి ఎంతవుతుంది? ఐదో రోజుకే మానేస్తాడు. నోటి మందు కావాలన్నది ఇందుకే. బోదకాలుకు ఏటా ఇంటింటికీ తిరిగి మింగిస్తున్న డీఈసీ మాత్ర చూడండి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం బయటికి తెచ్చిన మందే అది. మింగేది కాబట్టే ఇంటింటికీ చేరింది.

నోటితో ఇవ్వడం అంత కష్టమా? మాత్ర మింగితే అయిపోయె కదా!

మింగడం మన పని, చేరడం దాని పని. పొట్టలో ఆమ్లానికి చెడిపోకూడదు. పేగు గోడ దాటాలి. అక్కడి నుంచి నేరుగా కాలేయానికి పోతుంది, అది సగానికి సగం విరిచి పారేయొచ్చు. మిగిలింది రక్తంలో ప్రొటీన్లకు అతుక్కుపోతే పనికిరాదు, విడిగా ఉన్నదే పనిచేస్తుంది. ఆ విడిగా ఉన్నది చర్మం దాకా రావాలి. లీష్మానియా ఉండేదేమో చర్మంలోని మాక్రోఫేజ్ కణం (క్రిముల్ని మింగి చంపాల్సిన మన రక్షణ కణం) లోపల, ఆ కణం లోపల ఇంకో సంచిలో. ఆ సంచి లోపలంతా పులుపు, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. అంటే ఇన్ని గడపలు దాటి, చివరి గదిలో పులుపుకు చెడిపోకుండా నిలబడి, అప్పుడు పరాన్నజీవిని చంపాలి.

కాలా అజార్‌కు పనిచేసిన మందు తోలు పుండుకు పనిచేస్తుందని నమ్మకం లేనిది ఇందుకే. కాలేయానికి మందు బ్రహ్మాండంగా చేరుతుంది. చర్మానికి అంతగా చేరాలని రూలేమీ లేదు.

వేపాకు రసం, పసుపు, ఇవన్నీ లీష్మానియాను చంపుతాయని పేపర్లు ఉండాయి కదా సార్?

ఏటా ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్లో వచ్చే ప్రశ్న. నేను ఏటా ఒకటే అంటాను: గాజు గొట్టంలో సబ్బు నీళ్లు పోసినా చస్తుంది.

లీష్మానియాకు రెండు రూపాలు. ఈగ కడుపులో ఉండేది తోకతో ఈదుతుంది, పేరు ప్రోమాస్టిగోట్. మన కణంలో ఉండేది గుండ్రంగా, తోక బయటికి కనపడకుండా ఉంటుంది, పేరు అమాస్టిగోట్. మొదటిది పెంచడం తేలిక, 26 డిగ్రీల దగ్గర మీడియంలో, అంటే పోషక ద్రవంలో పెరుగుతుంది. అందుకని చాలామంది దాని మీద పరీక్ష చేసి పేపరు రాసేస్తారు. రోగిలో ఉండేదేమో రెండోది. మాక్రోఫేజ్‌లకు లీష్మానియా ఎక్కించి, అందులో మందు వేసి, పరాన్నజీవి చచ్చి కణం బతికిందా అని చూడాలి. కణాన్ని చంపే మోతాదు పరాన్నజీవిని చంపే మోతాదుకు కనీసం పది రెట్లుండాలని మామూలుగా ఒక గీత గీసుకుంటాం. ఈ గీత దాటినవాటిలో నీళ్లలో కరిగేవి, కాలేయపు ఎంజైములకు తట్టుకునేవి ఏరితే వందల్లోంచి నాలుగైదు మిగులుతాయి. ఎలుక దగ్గరికి వచ్చేది అవే. పసుపులోని కర్క్యుమిన్ గొట్టంలో బాగానే ఉంటుంది, నోటితో ఇస్తే రక్తంలో కనపడటమే కష్టం.

ఎట్టాంటి ఎలుకలు? పొలం ఎలుకలు పనికిరావా?

పొలం ఎలుకకు ఏ జబ్బుందో, ఏం తిని పెరిగిందో ఎవరికి తెలుసు? మేం వాడేది తెల్లటి చిట్టెలుక. బాల్బ్-సి అనే జాతి. తరతరాలుగా అన్నాచెల్లెళ్లనే కలిపి పెంచుతూ రావడంతో ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి. లీష్మానియా మేజర్ అనే రకం ఎక్కిస్తే దీనికి పుండు వచ్చి మానదు, పెరుగుతూనే పోతుంది. సి57 బ్లాక్-6 అనే నల్ల ఎలుకకు అదే పరాన్నజీవి ఎక్కించండి. పుండు వస్తుంది, కొన్ని వారాలకు తనే మాన్పుకుంటుంది. నల్లదాని రోగనిరోధకత ఇంటర్‌ఫెరాన్-గామా అనే రక్షణ సంకేతం వైపు మొగ్గుతుంది, మాక్రోఫేజ్ లేచి పరాన్నజీవిని చంపుతుంది. తెల్లదానిది ఇంటర్‌లూకిన్-4 అనే ఇంకో సంకేతం వైపు పోతుంది, అది ఈ యుద్ధానికి పనికిరాని ఆయుధం. ఇమ్యునాలజీ పాఠంలో నల్లదాని దారిని టీహెచ్1, తెల్లదాని దారిని టీహెచ్2 అని బట్టీ పడతారే, ఆ సిద్ధాంతానికి గట్టి రుజువులు దొరికింది ఈ రెండు ఎలుకల పుండ్లలోనే.

మందు పరీక్షకు తెల్లదాన్నే తీసుకుంటాం. తనకు తానే మాన్పుకునే ఎలుకలో పుండు మానితే ఆ ఘనత మందుదా, ఎలుకదా అని తేల్చలేం.

ఎక్కువగా ఆడ ఎలుకలే ఎందుకు?

ఒకే పంజరంలో మగవి కొట్టుకుంటాయి. కొరుక్కున్న గాయానికీ లీష్మానియా పుండుకూ తేడా తెలియక మేం తల పట్టుకుంటాం.

పుండు ఎట్ట తెప్పిస్తారు? ఎట్ట కొలుస్తారు?

తోక మొదలుకు కాస్త పైన, వీపు చివర వెంట్రుకలు గొరిగి, చర్మం కింద సూదితో పది లక్షల నుంచి కోటి దాకా ప్రోమాస్టిగోట్లు ఎక్కిస్తారు. పాదంలోనో చెవిలోనో ఎక్కించే పద్ధతులూ ఉన్నాయి. నాకు నచ్చేది తోక మొదలే. పాదంలో పుండు పడితే ఎలుక నడవలేదు, మేత దగ్గరికి పోలేదు, బరువు తగ్గితే అది మందు వల్లో ఆకలి వల్లో తెలీదు.

పుస్తకాల్లో పెద్దగా రాయని సంగతొకటి. లీష్మానియాను నెలల తరబడి సీసాల్లోనే పెంచితే దాని పౌరుషం చచ్చిపోతుంది. ఎలుకకు ఎక్కించినా పుండు రాదు. అందుకని మధ్యమధ్యలో ఎలుకలో వేసి, పుండులోంచి మళ్లీ బయటికి తీసి పెంచుకోవాలి. కొత్తగా చేరిన రోజుల్లో ఇది తెలియక నేను రెండు నెలలు ఎలుకల వీపులు చూస్తూ కూర్చున్నా. ఒక్క మొటిమ లేవలేదు.

వారం పది రోజులు, ఎక్కువంటే రెండు వారాలకు గడ్డ తేలుతుంది. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు అయ్యాక ఎలుకల్ని గుంపులుగా విడదీసి మందు మొదలుపెడతారు. కొలిచేది వెర్నియర్ కాలిపర్‌తో, నిలువూ అడ్డమూ, రెండింటి సగటు. కొలిచేవాడికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. తెలిస్తే చేయి తెలియకుండానే మందు గుంపు వైపు మొగ్గుతుంది. మనిషి చేయి కదా.

గుంపుకు ఐదారు ఎలుకలు. ఒక గుంపుకు మందు లేని ఉత్త ద్రావకం, ఒక గుంపుకు మిల్టెఫోసిన్ లాంటి తెలిసిన మందు, మిగతా గుంపులకు కొత్త మందు రెండు మూడు మోతాదుల్లో. తెలిసిన మందు గుంపును వదిలేసిన పేపరు కనపడితే నేను పక్కన పెట్టేస్తా. ఆ గుంపులో పుండు తగ్గలేదంటే తప్పు కొత్త మందుది కాదు, ప్రయోగానిది.

మందు మేతలో కలిపి పెట్టరా? మేం రొయ్యలకు అట్టనే పెడతాం.

అల్లూరు పెద్దాయన ప్రశ్న. ఆయనకు జవాబు కూడా ఆయన చెరువులోనే ఉంది. మేతకు మందు పట్టించి చల్లుతారు. ఏ రొయ్య ఎంత తిన్నదో ఎవరికి తెలుసు? జబ్బుపడ్డ రొయ్య అసలు మేతకే రాదు. మందు కావాల్సినదానికి అందదు, అక్కర్లేనిది బాగా తింటుంది. ఎలుకలో కూడా అంతే. అందుకని ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, కొసన చిన్న గుండు ఉన్న వంపు సూదితో నేరుగా పొట్టలోకి మందు పోస్తారు. దీన్ని గావేజ్ అంటారు. 20 గ్రాముల ఎలుకకు 0.2 మిల్లీలీటర్లు, అంతకు మించదు. నీళ్లలో కరగని మందును మిథైల్ సెల్యులోజ్ లాంటి జిగురులో కలిపి, ప్రతి ఎలుకకూ ముందు సీసా కుదుపుతారు. కుదపడం మర్చిపోతే మొదటి ఎలుకకు నీళ్లు, చివరి ఎలుకకు మందంతా పోతుంది.

వినడానికి తేలిక. చేతికి రావడానికి వారాలు పడుతుంది. మెడ వెనక చర్మం పట్టుకోవడం వదులైతే తల తిప్పి కరుస్తుంది, బిగువైతే ఊపిరాడదు. సూది ఏ మాత్రం అడ్డం తగిలినా తోయకూడదు. తోస్తే అది ఊపిరితిత్తుల దారి. నా చేతిలో అలా ఒకటి పోయింది. పోయినదాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు, కానీ ఎందుకు పోయిందో రికార్డులో రాయాలి. నేను రాశాను. ఆ పేజీ చూపించడానికి సిగ్గుపడ్డా, రాసినందుకు ఎప్పుడూ బాధపడలేదు.

ఎలుకకు ఇచ్చిన డోసే మనిషికి బరువు లెక్కన పెంచి ఇస్తారా?

అట్టా ఇస్తే మనిషి పోతాడు. 20 గ్రాముల ఎలుక రోజుకు మూడు నాలుగు గ్రాముల మేత తింటుంది. అంటే తన బరువులో ఐదో వంతు నుంచి ఏడో వంతు దాకా. అదే లెక్కన 500 కిలోల ఒంగోలు గిత్త రోజుకు తక్కువలో తక్కువ 75 కిలోల ఎండు మేత తినాలి. తింటుందా? పది పన్నెండు కిలోలకే కడుపు నిండుతుంది. చిన్న జీవి ఒంట్లో అన్నీ వేగం, మందును కరిగించి బయటికి పంపడం కూడా వేగమే. అందుకని బరువు మీద కాకుండా ఒంటి ఉపరితలం మీద లెక్క కడతారు. ఎలుకకు కిలోకు ఇచ్చిన మిల్లీగ్రాముల్ని సుమారు 12.3తో భాగించాలి. మిల్టెఫోసిన్ ఎలుకలకు కిలోకు 30 మిల్లీగ్రాములు ఇస్తుంటారు. భాగిస్తే 2.4 వస్తుంది. మనుషులకు ఇచ్చేది సుమారు 2.5. ఈ లెక్క ప్రతిసారీ ఇంత అందంగా కుదరదు. అది మొదటి అంచనా మాత్రమే.

అసలు లెక్క రక్తంలో ఉంటుంది. మందిచ్చాక అరగంటకు, గంటకు, రెండు గంటలకు, అలా 24 గంటల దాకా చుక్కచుక్క రక్తం తీసి మందు ఎంతుందో చూస్తారు. నోటితో ఇచ్చినప్పుడు ఎంత చేరిందో, నరానికి ఇచ్చినప్పుడు ఎంత ఉందో పోల్చి బయోఅవైలబిలిటీ తేలుస్తారు. తోలు పుండుకైతే రక్తంతో ఆగకూడదు. పుండు ఉన్న చర్మం ఒక ముక్క, బాగున్న చర్మం ఒక ముక్క తీసి అక్కడ మందెంతుందో కూడా కొలవాలి.

పుండు తగ్గితే మందు పనిచేసినట్టే కదా?

అందరూ తొందరపడేది ఇక్కడే. నేనూ తొందరపడ్డాను.

పుండు సైజు అనేది బయటి మాట. వాపు తగ్గినా పుండు చిన్నదవుతుంది. పరాన్నజీవి మాత్రం లోపల అలాగే ఉండొచ్చు. కాబట్టి చర్మం ముక్క తీసి, నలిపి, మీడియంలో సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి, ఎంత పలచనలో కూడా పరాన్నజీవి పెరిగిందో చూస్తారు. దీనికి రోజులు పడుతుంది. డీఎన్‌ఏ లెక్కపెట్టే పీసీఆర్ త్వరగా తేలుస్తుంది, కానీ ఇప్పుడే చచ్చినవాటి డీఎన్‌ఏ కూడా కాసేపు లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల మిణుగురు పురుగు జన్యువు ఎక్కించిన లీష్మానియా వాడుతున్నారు. ఎలుకకు ఆ వెలుగుకు కావాల్సిన లూసిఫెరిన్ అనే పదార్థం ఇచ్చి మత్తులో చీకటి పెట్టెలో పెడితే బతికున్న పరాన్నజీవి మేరకు వెలుగు వస్తుంది, కెమెరా లెక్కిస్తుంది. ఎలుకను చంపనక్కర్లేదు. అదే ఎలుకను వారంవారం చూడొచ్చు. ఎలుకల సంఖ్యా తగ్గుతుంది.

ఇవన్నీ చేశాక కూడా అసలు పరీక్ష మిగిలే ఉంటుంది. మందు ఆపాక ఏమైంది?

మా ల్యాబ్‌లో ఒకసారి ఒక గుంపులో పుండ్లు చదునైపోయాయి. గొరిగిన చోట వెంట్రుకలు కూడా మొలిచాయి. పీసీఆర్ దాదాపు సున్నా. సమోసాలు తెప్పించుకున్నాం. మందు ఆపిన మూడో వారం ఒక ఎలుక వీపు మీద బియ్యపు గింజంత గడ్డ తగిలింది. నెల తిరిగేసరికి ఆ గుంపులో ఒకటి తప్ప అన్నింటికీ పుండ్లు తిరిగొచ్చాయి. బాల్బ్-సి ఎలుకకు తనంతట తాను మిగతావాటిని చంపే శక్తి లేదు కాబట్టి మందు వదిలేసిన నాలుగు పరాన్నజీవులే చాలు. మందు పదిరోజుల కోర్సే అయినా, ఆపాక కనీసం నెలైనా కాచుకుని కూర్చోని ప్రయోగాన్ని నేను సగం ప్రయోగం అంటాను.

మనుషుల్లో కూడా ఈ దెబ్బ తగిలింది. ఫెక్సినిడజోల్ అనే నోటి మందు కాలా అజార్ ఉన్న ఎలుకల్లో చక్కగా పనిచేసింది. సూడాన్‌లో రోగులకు ఇచ్చారు. మొదట బాగున్నారు, తర్వాత చాలామందికి జబ్బు తిరగబెట్టింది. 2014లో ఆ ట్రయల్ ఆగిపోయింది. విచిత్రమేంటంటే అదే మందు ఆఫ్రికాలో స్లీపింగ్ సిక్‌నెస్‌ అనే ఇంకో పరాన్నజీవి జబ్బుకు బంగారంలా పనిచేసి 2018లో ఆమోదం కూడా పొందింది. కాబట్టి పేపర్లో ‘ఎలుకల్లో నయమైంది’ అని వార్త వస్తే ఆపాక ఎన్ని వారాలు చూశారని వెతకండి. అది రాయలేదంటే చూడలేదనే నేను అనుకుంటా.

ఎలుకలో అసలు కనపడనివి ఏమైనా ఉంటాయా?

ఉంటాయి. ఎలుక వాంతి చేసుకోలేదు. దానికి ఆ ఏర్పాటే లేదు. మిల్టెఫోసిన్ మింగిన మనుషుల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వాంతులే. ఎంతమంది ఎలుకల డాక్టర్లు చూసినా అది ఎలుకలో తెలిసేది కాదు. ఎలుక చర్మం కింద పల్చటి కండర పొర ఉంటుంది, పుండును దారం లాగినట్టు దగ్గరికి లాగి మూస్తుంది. మన చర్మం అట్టా కాదు, కింది నుంచి కొత్త కండ పూడాలి. ఈగ కుట్టినప్పుడు వందల్లోనో వేలల్లోనో పరాన్నజీవులు దాని ఉమ్మితో కలిసి లోపలికి వస్తాయి. మేమేమో లక్షల్లో, ఉమ్మి లేకుండా ఎక్కిస్తాం. గర్భం మీద ప్రభావం ఈ పుండు ప్రయోగంలో తేలదు, దానికి వేరే ఎలుకల్లో, కుందేళ్లలో వేరే పరీక్షలు చేస్తారు.

అయినా ఎలుక ఎందుకంటే, పనికిరానివాటిని ముందే ఆపడానికి. ఎలుక ‘అవును’ అంటే నేను సగమే నమ్ముతా. ‘కాదు’ అంటే మాత్రం చాలావరకు నమ్ముతా.

ఇప్పుడు వరుసలో ఏ మందులు ఉండాయి?

2016లో జీఎన్ఎఫ్6702 అనే పదార్థం లీష్మానియా, చాగస్ (దక్షిణ అమెరికా వైపు ఉండే ఇలాంటి పరాన్నజీవి జబ్బు), స్లీపింగ్ సిక్‌నెస్ మూడింటినీ ఎలుకల్లో లొంగదీసిందని వచ్చింది. ఈ పరాన్నజీవుల్లో పాత ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్ అనే యంత్రాన్ని అది ఆపేస్తుంది, మన ప్రోటియాజోమ్ జోలికి రాదు. దాని వారసుడు ఎల్ఎక్స్ఈ408, నోటి మందే. నోవార్టిస్ కంపెనీ, పట్టించుకోని జబ్బులకు మందులు తయారుచేసే లాభాపేక్ష లేని సంస్థ డీఎన్‌డీఐ కలిసి దాన్ని కాలా అజార్ రోగుల దాకా తెచ్చాయి. మన దేశంలోనూ ఇథియోపియాలోనూ ట్రయల్స్ పెట్టారు. పరాన్నజీవిలోని సీఆర్‌కే12 అనే ఎంజైమును (కైనేజ్) ఆపేది ఇంకొకటి, నైట్రోఇమిడజోల్ కుటుంబం నుంచి డీఎన్‌డీఐ-0690 ఒకటి, బోరాన్ ఉన్న ఆక్సాబోరోల్ ఒకటి వచ్చాయి. వీటిలో చాలావరకు కాలా అజార్ కోసం మొదలైనవే. తోలు పుండు వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడిలా, ముందున్నవాడికి ఇచ్చినదాంట్లో తనకేమైనా మిగులుతుందా అని చూస్తుంటుంది.

ఎలుకలకు బాధ కదా సార్, పాపం కాదా?

మా అమ్మ కూడా అడిగింది. బాధే. దాన్ని తగ్గించడం మన చేతిలో ఉంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద కేంద్రంలో ఒక కమిటీ ఉంది. సీపీసీఎస్ఈఏ అనేవాళ్లు, ఇప్పుడు సీసీఎస్ఈఏ. యానిమల్ హౌస్ అక్కడ రిజిస్టర్ కావాలి. ప్రతి ప్రయోగానికీ సంస్థలోని ఎథిక్స్ కమిటీ ముందే ఒప్పుకోవాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, ఇంకో దారి లేదా అని అడుగుతారు. పుండు ఎంత పెరిగితే ఆపాలో, బరువు ఎంత తగ్గితే ఆపాలో ముందే రాసివ్వాలి. బరువులో ఐదో వంతు తగ్గితే చాలాచోట్ల అదే గీత. ఫలితం రావడానికి ఇంకో రెండు రోజులే ఉంది కదా అని ఆ గీత దాటించకూడదు. పాపం సంగతి నేను తేల్చలేను. చెడ్డగా చేసిన ప్రయోగంలో చచ్చిన ఎలుక ఊరికే చచ్చినట్టని మాత్రం చెప్పగలను.

మా కాలేజీలో ఈ ప్రాజెక్టు చేయొచ్చా?

నెల్లూరు, ఒంగోలు, మార్కాపురం కాలేజీల పిల్లలందరికీ ఇదే జవాబు. లీష్మానియాతో పనికి బయోసేఫ్టీ రెండో స్థాయి గది, అంటే జబ్బు క్రిములతో పనిచేయడానికి తగిన జాగ్రత్తలున్న ల్యాబ్ ఉండాలి. చేతికి సూది గుచ్చుకుంటే మీకే పుండు రావొచ్చు, ల్యాబుల్లో అలా వచ్చినవాళ్లున్నారు. రిజిస్టరైన యానిమల్ హౌస్, 22 డిగ్రీల దగ్గర ఉష్ణోగ్రత, 12 గంటలు వెలుగు 12 గంటలు చీకటి కావాలి. మే నెలలో మన కరెంటు సంగతి తెలుసు కదా, ముందు జనరేటర్ అడగండి. ఇవి లేకపోతే పుండు జోలికి పోకుండా, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లో నోటి మందు ఎంత చేరుతుందో చూసే ప్రాజెక్టు చేయండి. అదీ అవసరమైన పనే. అది తెలియక గొట్టం నుంచి నేరుగా పుండుకు దూకినవాళ్లే ఎక్కువ.

మా బావమరిది సౌదీ నుంచి వచ్చాడు. చేతి మీద పుండు మూడు నెలలైనా మానలేదు. ఇదేనా?

కావచ్చు, కాకపోవచ్చు. సౌదీ, ఇరాక్, ఇరాన్, సిరియా వైపు ఈ జబ్బు ఉంది. ఎడారి అంచున తోటల్లో, గొర్రెల దగ్గర ఆరుబయట పడుకునే పనివాళ్లకు ఈగ కాటు తప్పదు. మన దగ్గర చర్మం మీద మొండి పుండు అంటే కుష్టో, చర్మపు టీబీయో, ఫంగసో అని ముందు అనుకుంటారు. అందులో తప్పులేదు. డాక్టరుకు ఎక్కడ పనిచేశాడో, ఎన్నాళ్లున్నాడో చెప్పమనండి. చాలాసార్లు ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే నెలలు గడిచిపోతాయి. పుండు అంచు నుంచి కాస్త గీకి స్లైడ్ మీద జీమ్సా రంగు వేస్తే ఎల్‌డీ బాడీస్ కనపడొచ్చు. ఈలోగా ఆకుపసరు, ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ పెట్టనివ్వకండి. స్టెరాయిడ్ రాస్తే ఎర్రదనం తగ్గి బాగైనట్టే కనిపిస్తుంది, పరాన్నజీవి మాత్రం హాయిగా పెరుగుతుంది. సోమవారం చర్మవ్యాధుల ఓపీకి తీసుకుపోండి. పాస్‌పోర్టు అక్కర్లేదు, పనిచేసిన ఊరి పేరు ఒక చీటీ మీద రాసుకుపోతే చాలు.